ఆకుకాలంలో బడి పెట్టించిన సత్తవ్వ

సత్తవ్వ నాతో ఆడిన మొదటి మాట తిట్టే. నేను ఎడ్లబండి దిగి, నడుం పట్టుకుని, చీర మీది దుమ్ము దులుపుకుంటున్నాను. ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"గీ నెలల బడి పెట్టుమని చెప్పిన తెలివిగల్లోళ్ళు ఎవరు పంతులమ్మా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా కరీంనగర్ మిషన్ బడిలో పాఠాలు చెబుతున్న దాన్ని. నా వెనక బండిలో సముద్రం దాటి వచ్చిన అతిథులు ఐదుగురు ఉన్నారు. వాళ్ళ ముందు నన్ను ఒక ఆకులేరుకునే ముసలమ్మ నిలదీయడమా? ఆ తెలివిగలవాళ్ళలో నేనూ ఉన్నానని మాత్రం ఆమెకు చెప్పలేదు. మంచినీళ్ళు కావాలని అడిగి మాట మార్చేశాను.

అది 1961 ఏప్రిల్ పదో తారీకు, సోమవారం పొద్దున. ఊరి పేరు మద్దిగూడ. మంచిర్యాలలో బస్సెక్కి, దిగిన చోటు నుంచి అడవిలో ఆరు మైళ్ళు బండి మీద పోవాలి. ఎనభై గడపల ఊరు. సగం మా క్రైస్తవ సంఘం వాళ్ళు, సగం ఇతరులు. వానాకాలంలో అందరికీ కూలి, ఎండాకాలంలో అందరికీ తునికాకు. ఆ ఆకుతోనే బీడీలు చుడతారు. కరీంనగర్‌లో మా వీధిలో ప్రతి అరుగు మీదా బీడీలు చుట్టేవాళ్ళుంటారు. ఆ ఆకు ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఎవరు తెస్తారో నేను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

సత్తవ్వ గురించి ముందే చెప్పాలి. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. గోచీ పెట్టి కట్టిన ముతక చీర, చేతి నిండా పచ్చబొట్లు, నోటి నిండా మాటలు. చదువు రాదు. మొగుడు చిన్నప్పుడే పోతే, ఒక్క బిడ్డ బాలలక్ష్మిని కూలి చేసి పెంచింది. పోలీసు చర్య జరిగిన యేడు రజాకార్ల భయానికి ఊరు ఊరంతా అడవిలోకి పారిపోతే, మొట్టమొదట తిరిగొచ్చింది ఆమేనట. వచ్చి తన ఇల్లు చూసుకోలేదు. కాలిపోయిన ప్రార్థన గుడిసెకు ఒక్కతే గడ్డి మోసి కప్పు వేసింది. ఆమె ప్రార్థన నేను చెవులారా విన్నాను. బతిమాలడం ఉండదు. పాలేరుకు పని పురమాయించినట్టు, నేను చెప్పేది చెప్పిన యేసయ్యా, ఇక నీ పని నువ్వు చూడు, అని లేచి కొంగు దులుపుకునేది.

ఆమెకు ఉన్నది ఒకే కోరిక. ఊళ్ళో బడి కావాలి. బాలలక్ష్మికి పదేళ్ళప్పుడు కరీంనగర్ బోర్డింగులో చేర్పించింది. పిల్ల రెండుసార్లు పారిపోయింది. రెండోసారి బస్టాండులో ఒక బల్ల కింద నిద్రపోతూ దొరికింది. సత్తవ్వ వచ్చి బిడ్డను వెంటబెట్టుకుని తీసుకుపోయింది. ఆనాటి నుంచి ఆమెది ఒకే మాట, పిల్ల బడి తాన పోవుడు కాదు, బడే పిల్ల తానికి రావాలె అని. ఏటేటా మా సంఘాల మహాసభ జరిగినప్పుడు నడిచి, బస్సెక్కి వచ్చి సూపరింటెండెంటు గారి ముందు నిలబడేది. అట్లా పదకొండేళ్ళు అడిగింది. ఈలోగా బాలలక్ష్మికి పెళ్ళయి, దాని కూతురికి కూడా ఆరేళ్ళు వచ్చాయి.

మా సూపరింటెండెంటు సామ్యూల్ అయ్యగారు చెడ్డవారు కాదు. కానీ లెక్క మనిషి. అంతకుముందు రెండు అడవి ఊళ్ళలో బడులు పెట్టి, పిల్లలు రాక మూసేశారు. ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదు. ఆ సంవత్సరం సిలోన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి సంఘం పిల్లలు కొందరు, పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు, తమ ఏప్రిల్ సెలవుల్లో పరదేశంలో చిన్నపిల్లలకు సేవ చేయాలనుకుంటున్నారని. అయ్యగారు రెండూ కలిపారు. మద్దిగూడలో రెండు వారాలు సెలవు బడి నడపాలి. ఇరవై రెండో తారీకు శనివారం మధ్యాహ్నం ఆయన వస్తారు. ఆ వేళకు ముప్పైమంది పిల్లలు కూర్చుని ఉంటే ఊరికి శాశ్వతంగా బడి, పంతులు. లేకపోతే ఆ పంతులు ఉద్యోగం ఇచ్చోడ అవతల ఇంకో ఊరికి పోతుంది. వాళ్ళూ అడుగుతున్నారు.

సిలోన్ పిల్లలకు సెలవులు. ఈస్టరు కాగానే మా బడికీ సెలవులు. నాకు ఇంగ్లీషు వచ్చు, ఖాళీగా ఉన్నాను. అన్నీ చక్కగా కుదిరాయని అందరం సంతోషపడ్డాం. అడవిని ఎవరూ అడగలేదు.

సిలోన్ అంటే అప్పటిదాకా నాకు రేడియోలో పాటలొచ్చే చోటు. అక్కడి నుంచి మనుషులు వస్తారంటే దొరలే వస్తారనుకుని నేనే ఊరికి కబురు పంపాను. తీరా చూస్తే నలుగురు పిల్లలూ మనవాళ్ళ లాగే చామనఛాయ. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళను తీసుకొచ్చిన మిస్ డి సిల్వా గారు నలభై ఏళ్ళ బడిపంతులమ్మ, భారీ మనిషి, పాట అందుకుంటే గుడిసె అదిరేది. ఓడెక్కి, మూడు రైళ్ళు మారి, బండి ఎక్కి వచ్చారు పాపం. ఊరివాళ్ళ మొహాలు చిన్నబోయాయి. హనుమండ్లు అనే ఆయన, ఊళ్ళో నోరున్న మనిషి, ఒక పిల్లవాడి చుట్టూ తిరిగి చూసి, వీడు మా మేనత్త కొడుకు లెక్కనే ఉన్నడు, ఇందులో ఫారిన్ ఏముంది అని పెదవి విరిచాడు.

మర్నాడు మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ప్రార్థన గుడిసెలో బడి మొదలుపెట్టాం. చాపలు పరిచాం. గుడ్డ మీద అంటించే రంగురంగుల బొమ్మలు, మేకలు, గొర్రెల కాపరి, పడవ, చేపలు, అన్నీ సిద్ధం. వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకడికి జ్వరం. ఒకతి చంకలో తమ్ముడు. మూడోవాడు వచ్చీ రాగానే పడుకుని నిద్రపోయాడు. బుధవారం ఆ నిద్రపోయేవాడు కూడా రాలేదు.

నేను ఊగిపోతూ సత్తవ్వ ఇంటికి పోయాను. పది దాటింది. ఆమె అప్పుడే అడవి నుంచి వస్తోంది. నెత్తి మీద ఆకుమూట ఆమె కన్నా పెద్దది. వెనకాల మనవరాలు, దాని నెత్తిన చిన్న మూట. బడి కావాలని పదకొండేళ్ళు ప్రాణం తీసి, తీరా వస్తే ఒక్క పిల్లను పంపకపోవడం ఏం న్యాయమని గొంతు చించుకున్నాను. ఆమె మూట దించి, నన్ను నీడలో కూర్చోబెట్టి చెప్పింది. తునికాకు ఎండాకాలంలో నెలా నెలన్నర మాత్రమే వస్తుంది. కోడికూతకు లేచి అందరూ అడవికి పోవాలి, పిల్లలతో సహా. తెచ్చిన ఆకు మధ్యాహ్నం కూర్చుని యాభై యాభై కట్టలు కట్టాలి. సాయంత్రం కల్లానికి, అంటే కట్టలు ఆరబోసే మైదానానికి, తీసుకుపోవాలి. అక్కడ కాంట్రాక్టరు మనిషి రామచంద్రం చూసి తీసుకుంటాడు. సంవత్సరం మొత్తంలో ఇంటికి వచ్చే రాబడి సగం ఈ నెలన్నరలోనే.

విన్నాక నాకు తల కొట్టేసినట్టయింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. కోపమో సిగ్గో నాకే తెలియదు. సత్తవ్వ నా ఏడుపును పట్టించుకోలేదు. ఇంత జొన్నగటక పెట్టి తినమంది. తింటుండగా అడిగింది:

"పోరగాండ్ల చేతులు ఖాళీ కావాలంటే వేరే చేతులు కావాలె గద. నీ తాన చేతులు ఎన్నున్నయి?"

లెక్కపెట్టాను. అతిథులవి పది, నావి రెండు.

"గా పన్నెండు చేతులు నాకియ్యి. పోరగాండ్లను నేనిస్త."

అంతే. మధ్యాహ్నం ఊరిబయట ఇప్పచెట్ల కింద, ఊరంతా చేరి కట్టలు కట్టే చోటికే బడి పోయింది. సత్తవ్వ మా ఆరుగురినీ వరసగా కూర్చోబెట్టి పని నేర్పింది. ఆకులు ఏరి, చిరిగినవి పక్కన పెట్టి, తొడిమలు ఒక్క తీరుగా సర్ది, ఇరవై అయిదూ ఇరవై అయిదూ ఎదురెదురుగా పేర్చి నారతో బిగించాలి. చూస్తే ఏముందీ అనిపిస్తుంది. నా మొదటి కట్ట పట్టుకోగానే విడిపోయి ఒళ్ళంతా ఆకులయింది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సత్తవ్వ మాత్రం నవ్వలేదు. పదోతరగతి పాసయినవా బిడ్డా, అని ఎంతో జాలిగా అడిగింది. ఆ జాలికి నాకు ఇంకా మండింది.

సిలోన్ పిల్లల్లో రూత్ అనే అమ్మాయి గంటలో పట్టేసింది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ పిల్ల. మిగతావాళ్ళు రెండో రోజుకు దారిలో పడ్డారు. ముగ్గురు పిల్లలకు పాట, ఆట నేర్పుతుంటే ముగ్గురం కట్టలు కట్టేవాళ్ళం, తర్వాత మారేవాళ్ళం. ఏ ఇంటి పిల్లలు పాఠంలో కూర్చుంటే ఆ ఇంటి ఆకు మా ముందుకు వచ్చేది. గురువారం పన్నెండుమంది. శుక్రవారం ఇరవై ఆరు.

ఆ పిల్లల మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది. అక్షరం ముక్క రాదు గానీ యాభై దాకా లెక్క కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు. కరీంనగర్‌లో రెండో తరగతి పిల్లలు ముప్పై దగ్గర తడబడేవాళ్ళు. పలకలు పదే తెచ్చాను, చాలలేదు. చిరిగి పక్కన పడేసిన ఆకు మీద ముల్లుతో గీస్తే గీత నల్లగా తేలుతుందని ఒక పిల్ల చూపించింది. ఇక పలకల గొడవే లేదు. ఎన్ని తప్పులు రాస్తే అన్ని ఆకులు. సిలోన్ పిల్లలు నేర్పిన చేతుల పాట, మోకాళ్ళ పాట, గంతుల పాట ఊళ్ళో ముసలివాళ్ళ దాకా పాకాయి. వాళ్ళ తెలుగు నాలుగు ముక్కలు. అయినా మిస్ డి సిల్వా గారు పడవ బొమ్మ అంటించి, గాలివాన వచ్చినట్టు ఊగి చూపిస్తే, నేను తర్జుమా చేసేలోపే పిల్లలకు కథ అర్థమయ్యేది. గజ్జి పుండ్లు కడిగి మందు రాయడం ఆ మగపిల్లల వంతు. సాయంత్రం పద్నాలుగు పదిహేనేళ్ళ ఆడపిల్లలు రూత్ చుట్టూ చేరి సముద్రం సంగతులు అడిగేవాళ్ళు. అది గోదారి కన్నా పెద్దదా, దానికి అవతలి ఒడ్డు కనబడదా, అని. అవతల ఉన్నదే నేను, అనేది రూత్.

ఇంత బాగా నడుస్తున్న పనిని చెడగొట్టింది మేమే. అందులో నేను ముందు.

సోమవారం హనుమండ్లు ఇంటి ఆకు మా వంతుకు వచ్చింది. అతనికి నలుగురు పిల్లలు, మొదటిసారి పంపాడు. ఆ రోజు ఆకు మీద బాగా దుమ్ము. రూత్ వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకు తమలపాకు ఇచ్చేముందు కడిగి తుడిచి ఇస్తారట. మర్యాద తెలిసిన పిల్ల. కడుగుదామా అని నన్ను అడిగింది. శుభ్రం అన్న మాట వింటే నాకు ఎక్కడలేని ఉషారు. బిందె నేనే ఇచ్చాను. ఆ మధ్యాహ్నం సత్తవ్వ ఊళ్ళో లేదు, ఎవరికో కాన్పు అయితే పక్కూరు పోయింది. మూడువేల ఆకులు శుభ్రంగా కడిగి, నిగనిగలాడుతున్న అరవై కట్టలు కట్టి, మా పనికి మేమే మురిసిపోయాం.

కల్లంలో రామచంద్రం ఒక కట్ట విప్పి చూసి, అరవయ్యీ తీసి అవతల పడేశాడు. తడి ఆకు కట్టలో ఉడికి మచ్చలు పడుతుంది. ఒక్క మచ్చకట్ట పక్క కట్టలను కూడా పాడు చేస్తుంది. అతని పని అతను చేశాడు, తప్పుపట్టలేం. ఒక ఇంటిల్లిపాది ఒక రోజంతా పడ్డ కష్టం మట్టిపాలయింది.

హనుమండ్లు ఇప్పచెట్ల కిందికి వచ్చి, గొంతు పెంచకుండా నాతో అన్నాడు:

"మీరు మంచోళ్ళే. కని మా పని మీకు ఎర్క లేదు. రేపటి సంది నా పోరగాండ్లు రారు. ఎవలనూ రానియ్య."

ఆ మాటకు ఊరు తలూపింది. రూత్ మొహం తెల్లబోయింది. తర్జుమా చేయమని నన్ను అడిగింది. నేను బిందె ఎత్తుకుని అవతలికి పోయాను.

సత్తవ్వ పొద్దుగూకే వేళకు వచ్చి, విషయం విని, నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిట్టింది, తక్కువేం కాదు. ఆకు నీళ్ళల్ల ముంచే ముందు ఒక్కలనన్న అడగాల్నని తోచలేదా, ఏం చదువు చదివినవ్, అంది. పిల్లలను మాత్రం ఒక్క మాట అనలేదు. రూత్ తల నిమిరి వెళ్ళిపోయింది. నాకు అసూయ కలిగింది. కలగదా మరి.

మర్నాడు తెల్లవారకముందే సత్తవ్వ వచ్చి మా గుడిసె తలుపు తట్టింది. ఆరుగురినీ లేపింది. నెత్తికి చుట్టుకోవడానికి గుడ్డలిచ్చి, తన వెనక రమ్మంది. ఎక్కడికో ఎవరూ అడగలేదు. మూడు మైళ్ళు అడవిలోకి నడిచాం. లేత ఆకు ఏది, ముదురు ఆకు ఏది, ఏది కోయాలి, ఏది వదలాలి, అన్నీ చేత్తో చూపించింది. వంగి కోసి, మళ్ళీ వంగి కోసి, నా నడుం నా మాట వినడం మానేసింది. మిస్ డి సిల్వా గారి చెప్పు తెగిపోతే ఆకులు చుట్టి కట్టుకుని నడిచారు. మగపిల్లల కాళ్ళు ముళ్ళకు చీరుకుపోయాయి. రూత్ ఏడుస్తూనే కోసింది, కోస్తూనే ఏడ్చింది. ఎండ ఎక్కేసరికి మూడువేల ఆకులు లెక్కపెట్టి మూటలు కట్టాం. దారిలో ఎదురుపడ్డ ఊరివాళ్ళు ఆగి, మా మూటల వంక, మా కాళ్ళ వంక చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చారు.

హనుమండ్లు ఇంటి ముందు మూటలు దించాం. తర్జుమా అవసరం లేకుండా రూత్ తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో రెండు వాడింది. "ఆకు... తప్పు" అని చేతులు జోడించింది. హనుమండ్లు ఒక మూట విప్పి, ఆకు తిరగేసి చూశాడు. లోపలికి పోయి అంబలి చెంబు తెచ్చాడు. మొదటి గ్లాసు మిస్ డి సిల్వా గారికిచ్చి, ఆమె కాలికున్న ఆకుచెప్పు చూసి, ఆగలేక నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, తన గొంతుకు తగ్గట్టు. వీధి వీధంతా వినబడి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఇప్పచెట్ల కింద నలభై ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. హనుమండ్లు స్వయంగా వచ్చి, అల్లరి చేసేవాళ్ళను గదమాయిస్తూ నిలబడ్డాడు. ఆ వారమంతా అదే లెక్క. శుక్రవారానికి నలభై ముగ్గురిలో ముప్పైమంది తమ పేరు తాము రాసుకోగలిగారు. సత్తవ్వ మనవరాలు తన పేరు రాసి, అవ్వ పేరు కూడా రాసి, తీసుకుపోయి చూపించింది. సత్తవ్వ ఆ ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, గింతేనా నా పేరు, అంది. ఆకు మాత్రం కొంగున ముడేసుకుంది.

ఇక శనివారం. అయ్యగారు మధ్యాహ్నం వస్తారు. ఆ ఒక్క పూట కల్లం పని పెద్దవాళ్ళు చూసుకుంటామన్నారు. పిల్లలకు తలలు దువ్వి, మొహాలు కడిగి, ప్రార్థన గుడిసెలో కూర్చోబెట్టాను. నాకు గర్వంగా ఉంది, దాచుకోను. పదకొండున్నరకు పడమట మబ్బు పట్టింది. చూస్తుండగానే నల్లబడింది. గాలి లేచింది. కల్లంలో వారం రోజుల ఆకు, ఊరంతటి ఆకు, ఎండి పరిచి ఉంది. వాన తగిలిందా, కాంట్రాక్టరు కల్లం ఎత్తేసి పోతాడు. మిగతా నెల పని గోవిందా. ఎవరు పిలిచారో తెలియదు. నలభై ముగ్గురు పిల్లలూ ఒక్కసారి లేచి పరుగెత్తారు. వాళ్ళ వెనక సిలోన్ పిల్లలు పరుగెత్తారు. గుడిసెలో నేను, చాపలు, గొర్రెల కాపరి బొమ్మ మిగిలాం.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

సామ్యూల్ అయ్యగారు లోపలికి వచ్చి ఖాళీ చాపలు చూశారు. చేతి గడియారం చూశారు. నేను వాన, ఆకు, కల్లం అని ఏదో చెప్పబోయాను. ఒకదానికొకటి అతకలేదు. ఆయన బాధగానే తల ఊపారు. నాకు తెలుసమ్మా, అడవి ఊళ్ళలో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది, అందుకే బడి నిలవదు, అన్నారు. చేతిసంచిలోంచి, బడి ఇచ్చేదీ లేనిదీ రాయాల్సిన కాగితం తీశారు. పదకొండేళ్ళ అడుగుడు ఆ కాగితం మీద ముగిసిపోబోతోంది.

గుమ్మంలో సత్తవ్వ కనబడింది. నెత్తిన ఖాళీ గంప, ఒళ్ళంతా దుమ్ము. దండం పెట్టలేదు.

"అయ్యగారూ, లెక్క తర్వాత రాద్దురు. జర రాండ్రి, చేతులు తక్కువబడ్డయి."

ఆయన ఏమనుకున్నారో, కాగితం జేబులో పెట్టుకుని ఆమె వెనక నడిచారు. కల్లం నుంచి ఆకు షెడ్డు దాకా రెండు వందల గజాలు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మధ్య మధ్య సిలోన్ పిల్లలు. గంపలు చేతి మీద చేతికి సాగిపోతున్నాయి. గంతుల పాట పెద్ద గొంతుతో పాడుతున్నారు, లయ తప్పితే గంప జారుతుందని. వరసలో ఒక చోట ఖాళీ ఉంది. సత్తవ్వ అయ్యగారిని అక్కడ నిలబెట్టింది. ఆయన మొదటి గంప అందుకుని తూలారు. రెండోది నిలదొక్కుకున్నారు. పదో గంపకు పాట కూడా అందుకున్నారు. తెల్ల కోటు మట్టి రంగుకు తిరిగింది.

ఆఖరి గంప షెడ్డులోకి పోవడం, వాన విరుచుకుపడటం ఒకేసారి జరిగాయి. అందరం లోపల ఇరుక్కున్నాం. ఒక్క కట్ట తడవలేదు. రామచంద్రం చేతులెత్తి అందరికీ మొక్కాడు. పిల్లలు ఆకు బస్తాల మీద, కింద, ఎక్కడ సందు దొరికితే అక్కడ కూర్చున్నారు. అయ్యగారు తల తుడుచుకుని, వాళ్ళను వేలితో లెక్కపెట్టారు. నలభై మూడు. ఒకరిద్దరిని పేర్లు రాయమన్నారు, రాశారు. కానీ లెక్క మనిషి కదా, అంతటితో కరగలేదు. ఇప్పుడు వానకు కూర్చున్నారు సత్తవ్వా, మధ్యాహ్నం నేను వచ్చినప్పుడు బడి ఖాళీగా ఉంది, రేపు పంతులును పంపితే ఇట్లాగే లేచిపోరని ఏమిటి నమ్మకం, అన్నారు.

సత్తవ్వ నా వైపు తిరిగింది.

"పంతులమ్మా, మీ కరీంనగర్ బడి గిప్పుడు తెరిచి ఉన్నదా?"

"లేదు. ఎండాకాలం సెలవులు."

"ఎన్నొద్దులు?"

"జూన్ దాకా."

చెబుతుండగానే నా బుర్రకు తట్టింది. అయ్యగారికీ అప్పుడే తట్టి ఉంటుంది. మిస్ డి సిల్వా గారు నా చేయి పట్టుకుని, ఏమంది, ఏమంది అని గుంజుతున్నారు.

సత్తవ్వ అయ్యగారి ముందుకు వచ్చింది.

"మీ బడులు మూసిపెట్టే నెలల మా బడికి పరీక్ష పెట్టిన్రు అయ్యగారూ. దేశమంత బడి బందున్నప్పుడు మా పోరగాండ్లు కూసున్నరు. నలభై ముగ్గురు. ఆకు కోసుకుంట కూసున్నరు. మిగిలిన పది నెలలకు మా తాన ఆకు లేదు. ఇగ మీరే చెప్పున్రి."

అయ్యగారు మళ్ళీ పిల్లల వంక చూశారు. తర్వాత మొదలైంది ఆయన నవ్వు. నేను ఆయన్ను ఎరిగిన ఇన్నేళ్ళలో అట్లా నవ్వగా చూడలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, కాగితం తీసి, ఆకు బస్తా మీద పెట్టుకుని సంతకం చేశారు. ఊరు ఊరంతా ఈలలు, కేకలు. హనుమండ్లు సిలోన్ పిల్లవాణ్ణి, ఆ మేనత్త కొడుకునే, భుజాల మీదికి ఎత్తుకున్నాడు. రూత్ సత్తవ్వ మెడ కౌగిలించుకుని ఏడ్చింది. ఆ రోజు నేనూ మనస్ఫూర్తిగా ఏడ్చాను, సిగ్గుపడలేదు.

సత్తవ్వ మాత్రం కృతజ్ఞతలు చెప్పలేదు. తారీకు చెప్పున్రి, అంది. జూన్ పన్నెండు, సోమవారం, అన్నారు అయ్యగారు. పంతులు పేరు చెప్పున్రి, అంది. ఆయన తడబడ్డారు. ఈ అడవికి రమ్మంటే ఎవరొస్తారో చూడాలి, అన్నారు.

"చూసుడేంది. ఈమెనే," అని సత్తవ్వ నా భుజం మీద చేయి వేసింది. "కట్ట కట్టరాదు, ఆకు కడుగుతది. కని మళ్ళ అడివికి వచ్చి కోసింది. నాకు గిట్లాంటిదే కావాలె."

నేనెప్పుడు వస్తానన్నాను? నాకు కరీంనగర్‌లో ఇల్లుంది, అమ్మ ఉంది, పర్మనెంటు ఉద్యోగం ఉంది. అవన్నీ చెప్పడానికి నోరు తెరిచాను. నలభై ముగ్గురు పిల్లలు నా నోటి వంకే చూస్తున్నారు. వస్తానన్నాను.

ఇది 1968. ఇప్పటికి ఏడేళ్ళయింది. మద్దిగూడ బడి ఐదో తరగతి దాకా ఎదిగింది. ఆకుకాలంలో మూసేస్తాం, అందరితో పాటు నేనూ అడవికి పోతాను. నా కట్ట ఇప్పుడు విడిపోదు, రామచంద్రాన్ని అడగండి. సత్తవ్వ ఇంకా అట్లాగే ఉంది, రోజూ వచ్చి నేను చెప్పే పాఠానికి వంకలు పెట్టి పోతుంది.

ఆ జూన్ పన్నెండున మాత్రం నా తొందరపాటు మళ్ళీ బయటపడింది. అయ్యగారు షెడ్డులో పెట్టిన లెక్కనే నమ్ముకుని నలభై ముగ్గురికి సరిపడా చాపలు తెచ్చాను. యాభై ఒక్కమంది వచ్చి కూర్చున్నారు.